చిట్టమ్మ అరగదీసిన సుద్దముక్క

1934వ సంవత్సరం. కొల్లేటి గట్టున, కలిదిండి వైపు ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీలో నేను కంపౌండర్‌ని. డాక్టరుగారు ఏలూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా అయిదు రోజులూ మిక్స్చర్లు కలపడం, కట్లు కట్టడం, జనం చేత మాటలు పడడం నా పని. అందరూ నన్ను సాయిబుగారూ అని పిలిచేవారు. రోగం తగ్గితే అది డాక్టరుగారి హస్తవాసి, తగ్గకపోతే సాయిబు మందు సరిగ్గా కలపలేదని. ఏ కంపౌండర్‌ని అడిగినా ఇదే చెబుతాడు.

ఆ రోజుల్లో కొల్లేటి లంకల్లో నల్లమందు అలవాటు ఎక్కువ. మొలలోతు నీళ్లలో దిగి వలలు లాగేవాళ్లు చలికీ జ్వరానికీ మంచిదని మొదలుపెట్టేవారు. మొదట వాళ్లు దాన్ని తినేవారు, కొన్నాళ్లకు అది వాళ్లను తినేది.

ఒక ఉదయం ఒక ఆడమనిషి తానే గెడ వేసుకుంటూ దోనె తెచ్చి మా రేవులో ఆపింది. దోనెలో ఆమె భర్త వడ్లబస్తాలా కూర్చుని ఉన్నాడు. ఆమె పేరు చిట్టమ్మ, అతని పేరు ఏడుకొండలు.

"సాయిబుగారూ, ఈయన చేత నల్లమందు మాన్పించాలండి. కిందటేడు మా అమ్మాయి జ్వరంతో పోయింది. ఒక్కగానొక్క పిల్లండి. ఆ రోజు ఈయన కంట చుక్క నీరు రాలేదు. పిల్ల పక్కన కూర్చుని జోగుతున్నాడు" అంది.

నేను అతనికేసి చూశాను. తల దించుకునే, "నిజమేనండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నాకు ఆశ కలిగింది.

మా డాక్టరుగారికి సుద్దముక్క పద్ధతి మీద గట్టి నమ్మకం. రోగి రోజూ తినే నల్లమందుకు సరితూగేలా ఒక సుద్దముక్క కోస్తాం. ఏడుకొండలు తినేది ముప్ఫై గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే ఇంచుమించు ఒక గోధుమగింజ బరువు. రోజూ త్రాసులో ఒక పళ్లెంలో సుద్దముక్క, రెండో పళ్లెంలో నల్లమందు పెట్టి తూచి ఇస్తాం. ఆ తరవాత ఆ సుద్దతో గరుకు గోడ మీద ఒక పొడుగాటి గీత గియ్యాలి. గీత గీసినంత మేర సుద్ద అరుగుతుంది. మర్నాడు మందు ఆ మేరకు తగ్గుతుంది. ఒంటికి తెలియకుండా తగ్గడమే ఇందులోని కిటుకు. అతని నల్లమందు ముద్ద మా బీరువాలోనే పెట్టి తాళం వేశాను.

గీత గీసే పని చిట్టమ్మ తీసుకుంది. వరండా బయటి గోడ మీద, బొటనవేలు అదిమిపట్టి, మూరెడు గీత గీసేది. అతను గీస్తానంటే, "నువ్వు గీస్తే బెత్తెడే గీస్తావు, నాకు తెలీదా" అనేది. మూడు నెలల్లో ముప్ఫై గ్రెయిన్లు పన్నెండుకు దిగాయి. ఏడుకొండలు మళ్లీ తానే గెడ వేయడం మొదలుపెట్టాడు.

అంతలో లంకల్లో కలరా వచ్చింది. రెండు రోజుల్లో చిట్టమ్మ పోయింది.

మూడోనాడు ఏడుకొండలు వచ్చాడు. మైలలో ఉన్నానని వరండా ఎక్కకుండా కిందే నిలబడ్డాడు. చుట్టాలు నల్లమందు ఇస్తున్నారనీ, ఏడుపు అణుగుతుందని నోట్లో పెట్టబోయారనీ, తాను ఉమ్మేసి వచ్చాననీ చెప్పాడు. ఆ ఎండిపోయిన మొహం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఈ నాలుగు రోజులైనా మనిషి కాస్త నిద్రపోతాడు కదా అనుకున్నాను. లోపలికి వెళ్లి చిట్టమ్మ గీస్తూ వచ్చిన సుద్దముక్క పక్కన పెట్టి, ఇంకో పెద్ద ముక్కతో తూచి మందు తెచ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో ఇది పెద్దది. జాలితో చేసినంత మాత్రాన తప్పు కాకుండా పోదు.

"సుద్ద ఇవ్వండి, గీత గీస్తాను" అన్నాడు.

ఇచ్చాను. వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, మందూ సుద్దా రెండూ అరుగు మీద పెట్టేశాడు.

"ఇది దాని ముక్క కాదండి. దాని బొటనవేలు ఆనిన చోట పల్లం ఉంటాది."

నా గుట్టు రట్టయింది. "నీ బాధ చూడలేక ఇలా చేశాను ఏడుకొండలూ" అన్నాను.

"బాధ ఉండనివ్వండి సాయిబుగారూ. పిల్ల పోయినప్పుడు ఈ మందే నన్ను ఏడవనివ్వలేదు. చిట్టమ్మ కోసమైనా నన్ను ఏడవనివ్వండి" అన్నాడు.

పాత ముక్కతో మళ్లీ తూచి పన్నెండు గ్రెయిన్లే ఇచ్చాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

కానీ ఆ రోజు అతను గీత గియ్యలేదు. మర్నాడూ గియ్యలేదు. సుద్దముక్క పంచె చెంగున ముడి వేసుకుని తీసుకెళ్లేవాడు, తూకానికి మళ్లీ తెచ్చేవాడు. ఇరవై రోజులు పన్నెండు గ్రెయిన్ల దగ్గరే ఆగిపోయాడు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు.

"గీస్తే అరిగిపోద్దండి. దాని వేలి గుర్తు ఇదొక్కటే మిగిలింది నాకు."

"సరే, అది దాచుకో. అంతే బరువున్న ఇంకో ముక్క కోస్తాను."

ఆ రోజుకు సుద్దముక్క చెంగున ముడి వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు డాక్టరుగారు ఉండగా వచ్చి వరండా ఎక్కాడు.

"వేరే ముక్క వద్దండి. చిట్టమ్మ చెప్పినట్టు నేను గీస్తే బెత్తెడే గీస్తాను. రేపు అంతకన్నా చిన్నది గీస్తాను. నా సంగతి నాకు తెలుసు. మందు ఒక్కసారే ఆపేస్తాను. నన్ను ఇక్కడే ఉంచండి."

డాక్టరుగారు అతని నాడి చూశారు, గుండె విన్నారు. "పది రోజులు నరకం చూస్తావు" అన్నారు.

"ఇప్పుడు చూస్తంది స్వర్గం కాదు కదండీ" అన్నాడు ఏడుకొండలు.

వెనక గదిలో మంచం వేశాం. ముందు ఆవలింతలు, ముక్కూ కళ్లూ కారడం, తరవాత విరేచనాలు, కాళ్లు మెలితిప్పే నొప్పి. నేను గంజి పట్టడం, కాళ్లు పట్టడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. నాలుగో రోజున అతని అన్న తమలపాకులో నల్లమందు చుట్టి తెచ్చాడు. ఏడుకొండలు వణుకుతూనే లేచి కూర్చున్నాడు. నేను ఆకు లాక్కోబోయి ఆగాను. వద్దనే మాట అతనే చెప్పాలి.

"అన్నా, తీసుకెళ్లిపో. మళ్లీ తేకు" అన్నాడు.

అన్న వెళ్లాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. చిట్టమ్మను పిలుస్తూ ఏడ్చాడు, మధ్యలో కూతురి పేరు వచ్చింది, ఆపైన ఆ పేరు పట్టుకునే ఏడ్చాడు. ఏడాది కిందటి ఏడుపు అది. నేను ఊరుకోమని అనలేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

పదకొండో రోజున తన దోనె తానే నడుపుకుంటూ ఇంటికి వెళ్లాడు. మళ్లీ నల్లమందు ముట్టలేదు.

దుఃఖం తగ్గించే మందు నా బీరువాలో ఉందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. దుఃఖపడడం కూడా మనిషికి దక్కవలసినదేనని, దాన్ని కాజేసే హక్కు నాకు లేదని ఏడుకొండలు నేర్పాడు. ఆ తరవాత ఏ రోగి ఇంట్లో చావు జరిగినా తూకం మార్చలేదు, పక్కన కూర్చోవడం మాత్రం మానలేదు.

అక్కడ నేనున్నన్నాళ్లూ చిట్టమ్మ తద్దినం వెళ్లిన మర్నాడు ఏడుకొండలు వచ్చేవాడు. చెంగు ముడి విప్పి సుద్దముక్క నా చేతిలో పెట్టి తూచమనేవాడు. ఒక పళ్లెంలో అది, ఒకప్పుడు నల్లమందు పెట్టిన పళ్లెంలో తూకపు రాళ్లు పెట్టేవాణ్ణి.

"పన్నెండు" అనేవాణ్ణి.

"ఏం తగ్గలేదు కదండీ?" అని అడిగేవాడు.

"తగ్గలేదు."

తృప్తిగా ముడి వేసుకుని, రేవులోకి దిగి గెడ అందుకునేవాడు.