చెవిలో దూరిన మన్నుపురుగు

చిన్నప్పుడు ఒక వానాకాలం... మల్లాపూర్ దగ్గరి పల్లెలో, మా మేనత్త రాజవ్వ ఇంటి అరుగు మీద, బల్బు కింద ఒక్కదాన్నే కూర్చుని పురుగులను చూస్తూ ఉండేదాన్ని.

అమ్మ పోయి అప్పటికి కొన్ని నెలలే. బాపు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. తొమ్మిదేళ్ళ ఆడపిల్లను గదిలో ఒంటరిగా ఉంచలేక తన అక్క దగ్గర దించి వెళ్ళాడు. "మంచిగుండు బిడ్డ" అన్నాడు... బస్సెక్కాడు.

అత్త చెడ్డది కాదు. మాటలు తక్కువ, అంతే. మామ చనిపోయాడు, పిల్లల్లేరు. పొద్దంతా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. కొంచెం పల్లి చేను ఉండేది. "తిన్నవా?" అని ఒకసారి, "పండుకో" అని ఒకసారి... రోజు మొత్తానికి మా మధ్య నడిచే మాటలు దాదాపు అవే. అమ్మ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తేదాన్ని కాదు.

బడిలోనూ ఎవరితో కలిసేదాన్ని కాదు. అందుకే నాకు పురుగులే తోడు...

వాన వెలిసిన సాయంత్రం బల్బు చుట్టూ రకరకాలవి ముసిరేవి. నాకు నచ్చింది మాత్రం మన్నుపురుగు. అసలు పేరేమిటో ఇప్పటికీ తెలియదు, నేను పెట్టుకున్న పేరది. పల్లి చెట్టు పీకితే కాయల పక్కన మట్టిలో కనబడేది కూడా అదే. మినుపగింజ కంటే కాస్త పెద్దది. నూనె రాసినట్టు నల్లగా మెరిసేది. వీపు డాలులాగా... రెక్కల ముందు సగం గట్టిగా, చివర మాత్రం ఉల్లిపొరలాగా పల్చగా ఉండేది. కాళ్ళ నిండా దువ్వెన పళ్ళలాంటి ముళ్ళు. తిరగేస్తే కడుపు కింద సూదిలాంటి మూతి మడిచి పెట్టుకుని కనిపించేది. ముట్టుకుంటే ఒక ఘాటైన కంపు... ఎంత కడిగినా వేళ్ళకు వదిలేది కాదు.

దాన్ని పిడికిట్లో మూసేదాన్ని. అది చదునైన తలను వేళ్ళ సందులో దూర్చి, ముళ్ళకాళ్ళతో తన్నిపట్టి నెట్టేది. గింజంత పురుగు నా వేళ్ళను విడదీసేది. తడిమట్టి మీద వదిలితే చూస్తుండగానే లోపలికి దిగిపోయేది. మట్టి మళ్ళీ ఏమీ జరగనట్టు ఉండేది. దానికి వెళ్ళడానికి ఒక చోటుంది అనుకునేదాన్ని...

ఒకరోజు దీపాలు పెట్టే వేళ అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాను. చెవిలో ఏదో మెత్తగా తగిలింది. దులిపేలోపే లోపలికి పోయింది.

ఆ చప్పుడు ఎలా చెప్పను... తల లోపల ఎవరో రేకు గోకుతున్నట్టు. ఆ ముళ్ళకాళ్ళు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. అది తవ్వుతోంది. మట్టి అనుకుంటోంది నన్ను.

అయినా నేను అరవలేదు. ఎవరినైనా పిలవడం అప్పటికే మరిచిపోయాను. చెవి మూసుకుని ముడుచుకుని కూర్చున్నాను. అత్తే చూసింది. చేట పక్కన పడేసి వచ్చింది.

"ఏమైంది బిడ్డ?"

"చెవుల గా పల్లిచేను పురుగు వొయ్యింది అత్తా..."

పక్కింటి ఫాతిమక్క గోడ మీది నుంచి విని తల పిన్ను పట్టుకుని వచ్చింది. "జర పట్టు రాజవ్వా, నేను తీస్త."

"అద్దు. గా పురుగు కాళ్లకు ముండ్లుంటయి. గుంజితే లోపల చీరుకపోతది. నూనె వోద్దాం, గోరువెచ్చగ చేసి తే."

ఫాతిమక్క నూనె తెచ్చింది. అత్త నా తలను ఒళ్ళో పెట్టుకుని చుక్కచుక్కగా పోసింది. లోపల ఇంకా గీకుతూనే ఉంది. నా తల కదలకుండా ఒక అరచేయి చెంప మీద గట్టిగా ఆనించింది... ఆ చేతికి పొగాకు వాసన. అప్పుడు, జీవితంలో మొదటిసారి, అత్త ఆగకుండా మాట్లాడింది.

"మీ బాపు నీ అంతున్నప్పుడు ముక్కుల పల్లిగింజ వెట్టుకున్నడు. తుమ్మిచ్చి తీసిన... మీ అమ్మ ఎరుకేనా, ఫస్టుసారి గీ ఇంటికి అచ్చినప్పుడు నీ లెక్కనే నోరు తెరువకపోయేది. నాకు సుత మాట్లాడుడు రాదాయె. ఇద్దరం చేన్ల పల్లికాయ తెంపుకుంట కూసున్నం. గట్లనే దోస్తులమైనం."

గీకడం నెమ్మదించింది... ఆగింది. అత్త నా తల వంచి అరచేయి పట్టింది. నూనెతో పాటు పురుగు జారిపడింది.

"గింతే ఉన్నది సూడు" అంది. ముందుకాళ్ళు పారల్లా వెడల్పుగా ఉన్నాయి. ఒక కాలు కొంచెం కదిలి ఆగిపోయింది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. చెవి నొప్పికి కాదు. అమ్మ పోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. ఫాతిమక్క "అయిపాయె కదనే, ఊకో" అంటుంటే అత్త ఆపింది.

"ఏడ్వనీ. ఇన్ని దినాలసంది ఆగింది."

ఆ తర్వాత అత్త పక్కనే పడుకునేదాన్ని. మాటలు పెద్దగా పెరగలేదు. కానీ అప్పుడప్పుడు అడగకుండానే అమ్మ గురించి ఒక ముక్క చెప్పేది. మరుసటి ఎండాకాలం బాపు వచ్చి సిరిసిల్లకు తీసుకుపోయాడు. అత్త బస్సు దాకా రాలేదు. బీడీ ఆకు కత్తిరించేది ఉంది అంది.

అత్త ఇప్పుడు లేదు. బాపు కూడా లేడు. నేను కోరుట్లలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న చెవి నొస్తే దవాఖానకు పోయాను. టోకెన్ తీసుకున్నాను, డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది, క్షణాల్లో శుభ్రం చేసి "నెక్స్ట్" అంది. మంచి వైద్యమే, తప్పు పట్టను... కానీ లేచి వస్తుంటే ఎందుకో, ఇంకాసేపు తల వంచుకుని అక్కడే ఉండాలనిపించింది.

మీ తలను అలా ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి కింద రాయండి. పెద్దగా రాసినా పర్లేదు... అన్నీ చదువుతాను. సాయంత్రాలు నాకు వేరే పనేమీ ఉండదు.