రుజువుల పంతులు

మామగారికి మనుషుల మీద అనుమానం ఉంటే అల్లుడు పెద్దగా పట్టించుకునేవాడు కాదు. అలాంటి మామగార్లు లోకంలో బోలెడుమంది. ఈయన అనుమానమల్లా చచ్చిపోయినవాళ్ళ మీద.

ఏటి ఒడ్డున గుడి, గుడి కింద రేవు, రేవు మెట్ల పక్కన రాతి అరుగు. ఆ అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ చేత తల్లిదండ్రులకూ తాతలకూ ఆబ్దికాలు పెట్టించడం మామగారి వృత్తి. పనిచేస్తున్న ఆఫీసు మూతపడ్డాక అల్లుడు కూడా వచ్చి ఆయన పక్కన చేరాడు. దర్భలు అందించడం, నువ్వులూ నీళ్ళూ సిద్ధం చేయడం, పిండాలకి అన్నం వార్చడం అతని పని. చేరిన మొదటిరోజే మామగారు అతని చెవి దగ్గరికి వంగారు.

"జాగ్రత్త అల్లుడుగారూ. ఈ రేవులో దొంగ పితృదేవతలు తిరుగుతుంటారు."

"దొంగ... ఎవరండీ?"

"మెల్లిగా! వాళ్ళకి వినిపిస్తుంది."

పూర్వం ఒకాయన పడవ వెళ్ళిపోతుందన్న తొందరలో, తండ్రిని ఒక్కసారైనా తలుచుకోకుండా తంతు ముగించేశాడట. పిలుపు సరిగ్గా అందక ఆ తండ్రి రాలేదు. పిలిచే దిక్కులేక రేవులో తిరుగుతున్న పరాయి పెద్దమనిషి ఎవరో వచ్చి, దర్జాగా కూర్చుని, పిండం తినేసి, ఆ కొడుకుని దీవించి మరీ వెళ్ళాడట. అప్పటినుంచి మిగతావాళ్ళు కూడా ఆ రుచి మరిగారట. గుళ్ళో దేవుడి తల ఏటివైపు కాస్త తిరిగి ఉండడం కూడా, ఎవరి వంతు ఎవరు తింటున్నారో కనిపెట్టడానికేనట.

"పేరూ గోత్రమూ చెప్పే పిలుస్తాం కదండీ?" అన్నాడు అల్లుడు.

"నలుగురిలో గట్టిగా చెబుతాం. దొంగకి చెవుల్లేవా?"

అందుకని మామగారు రుజువు అడుగుతారు. పోయినవాళ్ళకీ, పీట మీద కూర్చున్నవాళ్ళకీ మాత్రమే తెలిసిన గుర్తు ఒకటి చెబితేగాని సంకల్పం మొదలుపెట్టరు. రేవులో అందరూ ఆయన్ని రుజువుల పంతులు అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరా అని కూడా ఆయన ఇప్పటికీ కూపీ లాగుతూనే ఉన్నారు.

"మా నాన్న పొడుగ్గా ఉంటాడండీ," అన్నాడు ఒక కొడుకు.

"పొడుగువాళ్ళు కొల్లలు. తర్వాత?"

"కోపం ఎక్కువ."

"అది గుర్తు కాదు బాబూ, తండ్రులందరికీ ఉండే లక్షణం. ఇంకా?"

"పేపరు చదువుతూ తినేవాడు. తల ఎత్తకుండా నా పళ్ళెంలోది తినేసి, చివర్లో 'నువ్వింకా తినలేదేంరా' అని నన్నే తిట్టేవాడు."

"ఆ! ఇప్పుడు దారికొచ్చారు. కూర్చోండి."

ఇంకోసారి అన్నదమ్ములిద్దరు వచ్చారు. తండ్రి గురక పెట్టేవాడని పెద్దవాడు చెప్పాడు. ఎలా పెట్టేవాడో చూపించమన్నారు మామగారు. పెద్దవాడు చూపించాడు. "అలా కాదు, చివర్లో ఈల వచ్చేది," అని చిన్నవాడు చూపించాడు. ఇద్దరూ పోటీపడి గురకలు పెడుతుంటే, స్నానానికి దిగినవాళ్ళు పైకి వచ్చి చూశారు. మొహాలు మాడ్చుకుని వచ్చిన ఆ అన్నదమ్ములు, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకుంటూ వెళ్ళారు.

అనుమానం అంటుజబ్బు. కొన్నాళ్ళకి అది అల్లుడికీ అంటుకుంది, కాకపోతే అతని అనుమానం మామగారి మీద. వెళ్ళి గుడి అర్చకుణ్ణి అడిగాడు.

"దొంగ పితృదేవతలా? స్థలపురాణంలో అలాంటి కథే లేదు," అన్నాడు అర్చకుడు. "దేవుడి తలంటావా, శిల్పి చెయ్యి జారి ఉంటుంది. మీ మామగారిది ఏదో ఎత్తు నాయనా. కనిపెట్టు."

ఆ క్షణం నుంచి మామగారు దగ్గినా అల్లుడికి అందులో కుట్ర వినిపించసాగింది. ఇంటికి వెళ్ళి అత్తగారిని కదిలించాడు.

"నాకేం తెలుసు నాయనా," అందావిడ. "పెళ్ళిచూపుల్లో నన్నూ అడిగారు రుజువు. 'చూడ్డానికి వచ్చింది నిన్నేనా, మీ చెల్లెల్నా?' అని. ఇప్పటికీ ఆయనకి పూర్తి నమ్మకం కుదిరినట్టు లేదు."

ఇంతలో పుట్టి మునిగే కబురు వచ్చింది. తొందరలో ఉన్నవాళ్ళెవరో గుడి ధర్మకర్తకి ఫిర్యాదు చేశారు. ధర్మకర్త అంటే చేతిలో ఒక ఫోను, చెవి దగ్గర ఒక ఫోను ఉండే మనిషి. సరాసరి అరుగు దగ్గరికే వచ్చాడు.

"పంతులుగారూ, రేపు మా అమ్మ ఆబ్దికం. ఇక్కడే పెడతాను. నన్ను కూడా ప్రశ్నలతో సతాయించారంటే, ఎల్లుండి నుంచి ఈ అరుగు ఇంకొకరిది."

అల్లుడు లెక్క వేసుకున్నాడు. ఆఫీసు పోయి అరుగు మిగిలింది, అరుగూ పోతే ఇక మిగిలేది ఏరే. మామగారి కాళ్ళా వేళ్ళా పడ్డాడు.

"రేపు ఒక్కరోజుకి ఆ దొంగల్ని వదిలెయ్యండి మామగారూ. ఏం పోయింది?"

"నాకేం పోలేదు. ఆ తల్లి అంత దూరం నుంచి వచ్చి ఆకలితో వెనక్కి పోతే?"

మర్నాడు ధర్మకర్త తడిబట్టలతో పీట మీద కూర్చున్నాడు. వేలికి దర్భ ఉంగరం పెట్టుకుని, "కానివ్వండి," అన్నాడు. మామగారు నోరు తెరిచారు. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

"మీ అమ్మగారి గుర్తు ఒకటి చెప్పండి బాబూ."

"ఫోటో తెచ్చాను."

"ఫోటో వాళ్ళూ చూస్తారు."

ధర్మకర్త మొహం ఎర్రబడింది. గట్టిగా ఏదో అనబోయి, ఎందుకో ఆగిపోయాడు. అమ్మ గుర్తు కోసం వెతుకుతున్నట్టుంది. ఎంత వెతికినా దొరకడంలేదు. "చిన్నప్పుడే హాస్టల్లో వేశారు," అని నీళ్ళు నమిలాడు. "అలాంటివన్నీ మా అక్కకి తెలుస్తాయి. అమ్మ పోయాక మాకు మాటల్లేవు."

"మీ దగ్గర ఫోన్లకి కొదవా?" అన్నారు మామగారు.

తాడోపేడో తేల్చుకునేవాడిలా నంబరు నొక్కి, పంతులుగారికి కూడా వినపడేలా స్పీకరు పెట్టాడు ధర్మకర్త.

"ఎవరు?" అంది ఫోన్లో ఆడగొంతు.

"నేను... తమ్ముణ్ణి."

"నాకు తమ్ముడున్నాడు గాని, వాడు ఫోన్ చెయ్యడు. ఎవరు నువ్వు?"

మామగారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి ఆయనకి తన లాంటి మనిషి ఒకరు దొరికారు.

"నేనేనే అక్కా!"

"ఇలాగే గొంతు మార్చి జనాన్ని మోసం చేస్తున్నారట ఈమధ్య. మా అమ్మ మా తమ్ముణ్ణి ఏమని పిలిచేదో చెప్పు. అప్పుడు నమ్ముతా."

చుట్టూ జనం చేరారు. పైమెట్టు మీద అర్చకుడు కూడా చెవి రిక్కించి నిలబడ్డాడు.

"బుడంకాయ," అని గొణిగాడు ధర్మకర్త.

"వినపడ్లేదు."

"బుడంకాయ్! బుడంకాయనే అక్కా!"

ఫోన్లో ముందు చిన్న నవ్వు వినిపించింది, తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానురా నీకు?" అంది అక్క. "అన్నం తినమంటే ఇల్లంతా పరిగెత్తేవాడివి. గుర్తుందా?"

"చివరి ముద్ద నాది అనేది అమ్మ," అన్నాడు ధర్మకర్త. "తనదంటే లాక్కుని తినేవాణ్ణి. అందుకే అనేది. ఎప్పుడూ తను తిన్లేదక్కా."

"మీ అక్కగారికి నమ్మకం కుదిరింది," అన్నారు మామగారు, అన్నం గిన్నె అతని ముందుకి జరుపుతూ. "మనం మొదలుపెడదాం."

ధర్మకర్త ఆ అన్నాన్ని ఎంతో శ్రద్ధగా ముద్ద చేశాడు. రెండో ఫోను మోగుతూ ఉంటే దాన్ని తీసి పక్కన పెట్టేశాడు. అంతా అయ్యాక, "అమ్మ వచ్చిందంటారా?" అని అడిగాడు.

"మిమ్మల్ని చూస్తే తెలియడంలేదూ? ముందు కళ్ళు తుడుచుకోండి," అన్నారు మామగారు.

అల్లుడికి అప్పుడు గానీ అర్థంకాలేదు. తొందరగా వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి, కోపం తెప్పించి, పోయినవాళ్ళని వాడి నోటితోనే వాడికి గుర్తుచేసి పంపిస్తున్నాడీయన. ఇంత మంచి మనిషిని అనుమానించినందుకు సిగ్గేసింది. అంతకంటే ముందు అరుగు సంగతి గుర్తొచ్చి భయమేసింది.

"వచ్చే ఏడు అక్క కూడా వస్తుందట. మా ఇద్దరికీ చోటుంచండి," అన్నాడు ధర్మకర్త మెట్లెక్కుతూ.

"రేపటినుంచి అరుగు ఇంకొకరిదన్నారు కదండీ," అన్నాడు అల్లుడు బెరుగ్గా.

"ఎవరన్నారు? రుజువేది?" అని ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు ధర్మకర్త.

జనం వెళ్ళిపోయాక అల్లుడు మామగారి దగ్గర చేరాడు. "ఆ దొంగల కథ మీరు కల్పించిందే కదూ?"

మామగారు గిన్నెలో మిగిలిన అన్నం ముద్దచేసి, కిందిదాకా దిగి, నీళ్ళు తగిలే మెట్టు మీద పెట్టి వచ్చారు.

"అదెవరికండీ?"

"దొంగలకి."

"వాళ్ళని దగ్గరికి రానివ్వకూడదన్నారు?"

"పిలిచేవాళ్ళు లేకనే కదండీ దొంగలయ్యారు. వాళ్ళని అనుమానించొచ్చు. ఆకలిని అనుమానిస్తామా?"

అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. మామగారు కళ్ళు చికిలించి అతన్ని పైనుంచి కిందికి చూశారు.

"మీరెందుకు నవ్వుతున్నారు?"