నొగ మీద బరువు

మా వీధిలో రోడ్డుకు తారు పోస్తున్నారు. కిటికీలు మూసినా ఆ వాసన వంటింటిదాకా వస్తోంది, పొద్దుటి నుంచి ఏ పనీ కుదురుగా చేయలేకపోతున్నాను. తారు వాసన తగిలితే నాకు పడవ గుర్తుకొస్తుంది. నీళ్లు చూడాలంటే బావిలోకి తొంగిచూడాల్సిన జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన మా ఇంటి ముందు, ఒక ఎండాకాలమంతా రాళ్ల మీద నిలబెట్టి ఉంచిన ఇనుప పడవ.

అవి అరవైల తొలి ఏళ్లు. మా అమ్మ పుట్టిల్లు మంజీర అవతలి ఒడ్డున ఉండేది. ఝరాసంగం దాటి చాలా దూరం పోయాక ఎర్ర మొరం నేల ఒక్కసారిగా తెగిపోయి, నల్లరేగడిలోకి మలుపులు తిరుగుతూ దిగే ఏటవాలు దారి, ఘాటు వస్తుంది. ఆ ఘాటు దిగితే నది. చలికాలంలో ఎళ్లమావాస్య పండక్కి బండి కట్టుకుని పోయేవాళ్లం. మోకాటిలోతు నీళ్లలో ఎడ్లు మమ్మల్ని దాటించేవి. అవతల జొన్నచేలో అమ్మమ్మ పచ్చి శనగలు, అనపగింజలు, దొరికిన ఆకుకూరలన్నీ చింతపండు పులుసుతో ఉడికించిన భజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టెలు, కుండలో పులిసిన అంబలి పెట్టుకుని, మేం కనబడగానే చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడేది. ఎండాకాలంలో ఇసుక మీద నడిచి దాటేవాళ్లం, అరికాళ్లు కాలుతుంటే పెద్దవాళ్ల నీడల్లోంచి నీడల్లోకి గెంతుతూ. వానాకాలం మాత్రం అది వేరే దేశం. ఒక తోలు పుట్టి ఉండేది కాని, నీళ్లు కాస్త ఎర్రబడగానే దాన్ని నడిపేవాడు ఒడ్డు మీద బోర్లించి ఇంటికి పోయేవాడు.

అంతకుముందటి వానల్లో తాత చనిపోయాడు. ఆ ఒడ్డు నుంచి ఎవరో గొంతు చించుకుని అరిచిన కబురు మనిషి నుంచి మనిషికి మా ఇంటికి చేరింది. అమ్మ నదిదాకా వెళ్లింది. దాటించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అవతల పొగ లేవడం చూసి, అది ఆగేదాకా నిలబడి, తిరిగి వచ్చింది.

ఆ తర్వాత అమ్మ ఒకచోట కూర్చోవడం మేం చూడలేదు. అమ్మమ్మకు ఆయాసం పట్టుకుంది. మాఘమాసంలో కూడా అమ్మ వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసేది. రొట్టె పెనం మీద మాడుతుండగా చూసేది. అవతలి ఊరివాళ్లంతా కూడి ఒక గట్టి పడవ చేయిస్తున్నారని మాణిక్ మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట: "మిర్గం లోపట పడవ నీళ్లల్ల పడాలె." మిర్గమంటే మృగశిర కార్తె. ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి ఉండలు చేసి మా నోట్లో పెట్టేవాళ్లు. అవి తిన్నామంటే వానలు మొదలైనట్టే.

పడవను తెచ్చిన లారీ ఘాటు దిగనని మా ఇంటి ముందే దించేసి వెళ్లిపోయింది. అతుకులకు పూసిన తారు ఎండకు కరిగి మా అరచేతులకు అంటుకునేది. పిల్లలందరం అందులో ఎక్కి రోజూ బొంబాయి పోయి అన్నాల వేళకు తిరిగి వచ్చేవాళ్లం. దాని నీడలో మేకలు పడుకునేవి. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఖాసిం చాచా నాయినను రోజూ అదే అడిగేవాడు: "ఏం పటేలా, సముందర్ ఎప్పుడొస్తది మన ఊరికి?" నాయిన నవ్వేవాడు కాదు. పడవను నదికి చేర్చాల్సింది ఆయనే. చుట్టుపక్కల ట్రాక్టరు మాకే ఉంది, అది కూడా దున్నడానికే తప్ప ఏ బరువూ లాగి ఎరగదు.

కమ్మరి ఒక పాత లారీ ఇరుసుకు రెండు చక్రాలు వేసి, దాని మీద చట్రం బిగించి, ముందుకు ఒక పొడవాటి ఇనుప దూలం పెట్టాడు. ట్రాక్టరుకు తగిలించేది ఆ దూలమే. ఎద్దులబండిలో కాడిదాకా వచ్చే కొయ్యను నొగ అంటారు కనుక మావాళ్లు దీన్నీ నొగ అన్నారు. జరిగిన పొరపాటంతా ఆ మాటలోనే ఉంది. బండిలో బరువు ముందుకు వాలితే కాడి ఎద్దు మెడను నొక్కుతుంది, మెడ పుండు పడుతుంది. అందుకని దయగల మనిషెవడైనా బరువును కొంచెం వెనక్కి సర్ది, నొగను చేత్తో ఎత్తి తేలిగ్గా ఉందో లేదో చూస్తాడు. పదిమంది పడవను ఎక్కించాక మాణిక్ మామ అదే చేశాడు.

"బావా, ఇంకింత ఎనకకు జరుపుదాం. నొగ పువ్వు లెక్క లేవాలె."

జరిపారు. నొగ లేచింది. అందరూ మెచ్చుకున్నారు. కొక్కెం ఊడినా బండి విడిపోకుండా నాయిన దానికి పక్కన బావి గొలుసు కూడా చుట్టాడు.

తెల్లవారగానే బయలుదేరాం. ట్రాక్టరు పెద్ద చక్రాల పైనుండే రెక్కల మీద చెరో పక్క అమ్మా నేనూ, పడవ వెనక కొసన రాజులాగా మామ. ఊరు దాటి నాయిన కొంచెం వేగం పెంచగానే వెనక పడవ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మెల్లగా పోతే ఆగేది, వేగం పెంచితే పాములా కొట్టుకునేది. దాని ఊపుకు ట్రాక్టరు వెనక భాగం లేచి పడుతుంటే నేను రెక్కను రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక మలుపులో ఒక చక్రం రోడ్డు దిగి గుంత అంచు మీద నడిచింది. నాయిన ఆపేశాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఇట్లైతే ఘాట్ల పడవా పోతది, మనమూ పోతం. ఎనకకు మలుపుదాం."

పడమట మబ్బు పట్టింది. అమ్మ దాన్ని చూసింది. మొగుడితో నేరుగా అనలేని మాటలన్నీ తమ్ముడికి తగిలేవి మా ఇంట్లో.

"ఓరి తమ్మీ, ఎవ్వని మెడ పుండైతదని గంత గారాబంగ పెట్టిన్రురా? మీ బావ ట్రాక్టరుకు మెడ ఉన్నదా, గంగడోలు ఉన్నదా? రాత్రి పసుపు నూనె పెట్టాల్నా దానికి?"

"ఊకో అక్కా, నీకేమెర్క…" అంటూ మామ ఆగిపోయాడు. నాయిన తిరిగి నొగ వైపు చూశాడు. దాని మీద కాలు పెట్టి తొక్కి, వదిలాడు. అది పైకి లేచింది.

"దీనికి మెడ లేదురా మాణిక్," అన్నాడు నాయిన, మొదటిసారి నవ్వుతూ. "బరువు ముందలుండాలె."

అమ్మ వెక్కిరించడానికే అంది కాని, దారి దొరికింది: నొగ మీద బరువు నొక్కి ఉంటేనే ట్రాక్టరు వెనక బండి ఊగదు. చేలల్లో ఉన్నవాళ్లను పిలిచి పడవను ముందుకు జరిపించారు. మామను కూడా ముందు కొసకు జరిపించారు. "బరువని ఇప్పుడు ఒప్పుకున్నరా నన్ను?" అన్నాడు మామ. తర్వాత ఊగడం దాదాపు ఆగింది.

ఘాటు దగ్గర అమ్మా నేనూ దిగాం. నాయిన మొదటి గేరు వేసి, బ్రేకు మీద కాలు అంటీ అంటనట్టు ఉంచి, మలుపుల్లో బయటి అంచుదాకా పోయి తిరిగేవాడు. చక్రాలకు అడ్డం వేయడానికి రాళ్లు పట్టుకున్న మనుషులు ఇరువైపులా వెంట నడిచారు. అమ్మ ముందుకు పరిగెత్తేది, ఆగేది, మళ్లీ వెనక్కి వచ్చేది. దిగువన నల్లనేల తగిలాక నాయిన ఇంజను ఆపి, దిగి గొలుసు విప్పాడు.

ఆ శ్రావణంలో నది నిండా పారుతుండగా అమ్మ ఆ పడవలో దాటింది. అమ్మ ఒడిలో తల పెట్టుకునే అమ్మమ్మ పోయింది. తిరిగివచ్చిన అమ్మ అలికిన అరుగు మీద కూర్చుని, ఎవరు పిలిచినా లేవకుండా, సాయంత్రందాకా కూర్చునే ఉంది.

తర్వాత ఎన్నో ఏళ్లకు ప్రాజెక్టు నీళ్లు వచ్చి ఆ ఊరిని, జొన్నచేలను, రెండు ఒడ్లనూ ముంచాయి. పడవ ఏమైందో తెలిసినవాళ్లు లేరు. నాయినా మామా ఎప్పుడో పోయారు. నదికి ఎగువన వంతెన ఉంది. బస్సులో నిద్రపోయేవాళ్లు లేవకముందే దాటేస్తారు.

పోయిన ఏడు నగరంలో ఒక ఆసుపత్రిలో అమ్మ పోయింది. ఆ మధ్యాహ్నం నేను అదే నగరంలో, ఆసుపత్రికి అంత దూరం కూడా కాని చోట, కదలని కార్ల మధ్య ఆటోలో కూర్చుని ఉన్నాను. మధ్యలో ఏ నదీ లేదు. నేను చేరేసరికి ఆమె మొహం మీద గుడ్డ కప్పారు.