ఈ ఒక్కసారికే కొత్త కెర్నెల్

రేపల్లె నుంచి బాపట్ల దాకా ఏ పడవ ఏ చేపతో ఒడ్డుకొచ్చిందో, చేపలు కొనేవాళ్ల ఫోన్లకు మెసేజ్ పంపడం మా సర్వర్ పని. నేను తెనాలిలో మా మేడ గదిలో కూర్చుని దాన్ని చూసుకుంటాను. ఆ యంత్రం మాత్రం ముంబైలో ఉంది. అద్దెకు తీసుకున్నదే గానీ నేనెప్పుడూ కంటితో చూడలేదు.

కిందటేడు దాని కెర్నెల్ మార్చబోయి దెబ్బతిన్నాను. కెర్నెల్ అంటే యంత్రం లేవగానే పగ్గాలు పట్టుకుని, మిగతా ప్రోగ్రాములన్నిటి చేతా పని చేయించే మూల ప్రోగ్రాము. కొత్తది ఎక్కించి రీస్టార్ట్ కొట్టాను. యంత్రం మళ్లీ లేవలేదు. ఇంట్లో కంప్యూటరైతే ఎదురుగా కూర్చుని సరిచేసుకోవచ్చు. అక్కడ ఎవరో మనిషి వెళ్లి పాతది తిరిగి పెట్టేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పొద్దున్నే బాపట్లలో చేపలు కొని అమ్ముకునే అక్క ఫోన్ చేసింది.

"ఏంటమ్మా, ఇవాళా మెసేజీ లేదా? గంపెత్తుకుని ఎటెళ్లాలో తెలీట్లేదు."

ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈ ఏడు ఆ పాత కెర్నెల్‌కు భద్రతా మరమ్మతులు రావడం ఆగిపోయింది. ఇక మార్చక తప్పదు. మరబోట్లు వేటకు వెళ్లని నిషేధపు రోజులు ఎంచుకున్నాను. దానికి ముందు వారం రోజుల పాటు ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ను కావాలని చెడగొట్టడం, అది తనంతట తాను కోలుకుంటుందో లేదో చూడటం, ఇదే పని.

రేపల్లెలో బోటు యజమానుల సంఘం అధ్యక్షుడు, "ఈసారి మా కళ్లముందే చెయ్యండి మేడమ్" అన్నాడు. పొద్దున్నే పాసింజర్ రైలెక్కి వెళ్లాను. సంఘం గదిలో ఆయనతో పాటు బోటు ఇంజిన్లు బాగుచేసే పెద్దాయన కూడా కూర్చుని ఉన్నాడు.

"మళ్లీ లేవకపోతే ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కొత్తదాన్ని ఈ ఒక్కసారికే వాడమని చెబుతున్నా బాబాయ్. పాతది అక్కడే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే పది సెకన్లు చూసి దానంతటదే రీస్టార్టయి పాతదానితో లేస్తుంది."

"లేచింది గానీ నీకు అందలేదనుకో?"

వారం రోజులుగా నన్ను తొలిచేసిన ప్రశ్న అదే. కంప్యూటర్ ముట్టని మనిషి నోట అది వినగానే నాకు హుషారొచ్చింది.

"కొత్తదానితో లేచాక పది నిమిషాల్లోపు నేను లోపలికెళ్లి ఆపకపోతే, అప్పుడూ దానంతటదే రీస్టార్టవుతుంది. మళ్లీ పాతదే."

"అయితే కొట్టు."

కొట్టాను. 'ఉన్నాను' అన్నట్టు యంత్రం నుంచి సెకనుకొకటి చొప్పున లాప్‌టాప్ తెరమీద కనబడుతున్న జవాబులు ఠక్కున ఆగిపోయాయి. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడో నిమిషంలో జవాబు వచ్చింది! గబగబా లోపలికెళ్లి చూస్తే నడుస్తున్నది పాత కెర్నెలే.

"పోయినట్టేనా మేడమ్?" అన్నాడు అధ్యక్షుడు నీరసంగా.

"లేదండి, తిరిగొచ్చింది! కొత్తది పడిపోతే, దానంతటదే పాతదానితో లేచింది! ఎవరూ చెయ్యి పెట్టలేదు!" అని దాదాపు అరిచాను. ఓడిపోయి అంత సంతోషపడటం అదే మొదటిసారి.

వెతికితే కారణం దొరికింది. సర్వర్‌లోని డిస్కును చదవడానికి కావలసిన చిన్న భాగమొకటి కొత్త కెర్నెల్‌తో పాటు వెళ్లలేదు. మా ఇంటి కంప్యూటర్‌లో డిస్కు వేరే రకం కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. ఆ భాగం చేర్చి, మళ్లీ ఒక్కసారికే అని చెప్పి కొట్టాను.

ఈసారి నిమిషం తిరగకుండానే పలికింది. తెరమీద కొత్త కెర్నెల్ నంబరు! ముందు ఆ పది నిమిషాల గడువును ఆపేసి, బాపట్ల అక్కకు సర్వర్ నుంచి ఒక మెసేజ్ పంపాను. క్షణంలో ఆమే ఫోన్ చేసింది.

"వచ్చిందమ్మా! కానీ వేటే లేదు కదా, చేపలెక్కడివి?"

"ఊరికే చూశానక్కా!"

గదిలో అందరం నవ్వుకున్నాం. నేను లాప్‌టాప్ మూయబోయాను.

"ఉండమ్మా" అన్నాడు పెద్దాయన. "ఒక్కసారికే అన్నావుగా. రేపు అక్కడ కరెంటు పోయొస్తే ఏది లేస్తది?"

నాలుక కరుచుకున్నాను. పాతదే లేస్తుంది. ఆ సంతోషంలో కొత్తదాన్ని ఖాయం చేయడమే మరిచిపోయాను. ఖాయం చేసి, ఆయన చూస్తుండగా ఇంకోసారి రీస్టార్ట్ చేశాను. కొత్తదే లేచింది. ఆయన తలూపి, టిఫిన్ తిన్నావా అని అడిగాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. బయట బండి దగ్గర నిలబడి ఆయనా నేనూ వేడివేడి పెసరట్లు తిన్నాం.

తిరుగు రైల్లో వేమూరు దాటేలోపు నాలుగుసార్లు ఫోన్‌లోంచి ఆ యంత్రంలోకి వెళ్లొచ్చాను. పనేమీ లేదు. ఆ కొత్త నంబరు చూసుకోవాలనిపించింది, అంతే.