తిట్టి పంపిన తల్లి

సహోదరీ సహోదరులారా, ప్రభువు నన్ను ఏ గోతిలోంచి పైకి లాగాడో చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఆ గోతి దాకా తీసుకెళ్ళాలి, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మాది పొడంపేట. సముద్రంలో చేపల వేటకి వెళ్ళిన నాన్న పడవ తిరిగి రాలేదు, ఆ తర్వాత అమ్మ కడుపులో గడ్డ లేచింది, బంధువులు ఆమెను బరంపురం తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో పడేసి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోయారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మకి నీళ్ళు తెచ్చివ్వడం, ఆమె మంచం కింద గోనె పరుచుకుని పడుకోవడం, అదే నా బతుకు.

ఆ వార్డులో రోగుల కోసం ప్రార్థన చేయడానికి రత్నమ్మగారని ఒక విశ్వాసురాలు వచ్చేవారు. ఆవిడ నన్ను చూసి, ఛత్రపురంలో సంఘం వాళ్ళు నడిపే పిల్లల హాస్టలుకి పంపమని అమ్మని అడిగారు. నేను వెళ్ళనన్నాను. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా అమ్మ, అంతవరకూ గట్టిగా మాట్లాడే ఓపిక కూడా లేని మనిషి, లేచి కూర్చుని వార్డంతా వినబడేలా అరిచింది: "పోవే గుంటా! నీ మొకం సూత్తే నాకు రోగం ఎక్కువైపోతంది. మళ్ళీ నా కాడికొచ్చినావంటే సంపేత్తాను!"

చెవిలో సీసం పోసినట్టయింది. రత్నమ్మగారి వెంట వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకి అమ్మ పోయిందని చెప్పారు. నేను ఏడవలేదు, ఆ పూట మామూలుగానే అన్నం తిన్నాను.

హాస్టల్లో తిండి పెట్టారు, చదువు చెప్పారు, బాప్తిస్మం ఇచ్చారు, దేవునికి వందనాలు. కానీ దేవుడు ప్రేమామయుడని ఎవరు అన్నా నా లోపల ఒకటే జవాబు: కన్నతల్లే తరిమేసింది, ఇంక కనిపించని దేవుడా నన్ను ప్రేమించేది! పాటలో పెదవులు కదిపేదాన్ని, గొంతు వచ్చేది కాదు. పెద్దదాన్నై బరంపురంలో పట్టుచీరల కొట్లో పనికి కుదిరాక కూడా, ఒక తల్లి కూతురికి చీర ఎంచుతుంటే కడుపు మండి వేరే బల్ల దగ్గరకి పోయేదాన్ని. నిద్ర పట్టేది కాదు, తలనొప్పులు, ఇంత మాటకి అంత కోపం. చచ్చిపోవాలని కోరుకున్న రోజులున్నాయి, దాచను. ఇదీ నా గొయ్యి.

అలాంటి నన్ను మా సంఘం యౌవనస్థుల జట్టుతో బర్మా పంపించారు, చూడండి దేవుని పని! మా పెద్దలు రంగం అని పిలిచే రంగూన్‌కి, ఒకప్పుడు మన గంజాం తీరం నుంచి మనవాళ్ళు కూలికి ఓడలెక్కి పోయిన ఊరికి. అక్కడి అనాథ పిల్లల దగ్గర, ఒక ధర్మాసుపత్రి రోగుల దగ్గర సేవ చేయాలని. మా నాయకుడు సునీలన్న అందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించి, సంచి నిండా బుడగలు, బొమ్మలు పట్టించాడు. పుండ్లతో మూలిగేవాళ్ళ ముందు బుడగలు ఊదాం, ప్రభువు మమ్మల్ని క్షమించును గాక! నేనెందుకు వెళ్ళానంటే, కొట్లోంచి కొన్నాళ్ళు బయటపడొచ్చని, అంతే.

ఆసుపత్రిలో మేము తెలుగు పాట ఎత్తుకోగానే చివరి మంచం మీద ఒక ముసలామె చెయ్యి ఊపింది. "ఏ ఊరమ్మా మీది? మా తాత గోపాలపురంలో ఓడెక్కినాడంట" అంది. అప్పలమ్మ ఆమె పేరు. పుట్టింది అక్కడే, మన దేశం ఎరగదు, మాట మాత్రం అచ్చం పొడంపేట మాటే! కడుపులో రోగం ముదిరిపోయింది. మంచం కింద ఆమె మనవరాలు మంగ, బుగ్గలకి అక్కడి పిల్లలు పూసుకునే చందనంలాంటి పూతతో, చాప మీద కూర్చునుంది. తల్లీ తండ్రీ గాలివానలో పోయారట. పిల్లని చూసి నా గోనె గుర్తొచ్చింది.

మర్నాడు, మేము సేవ చేస్తున్న అనాథాశ్రమం పెద్దమ్మగారు పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చారు. అప్పలమ్మే కబురు పెట్టిందట. పిల్ల కదలనంది. ముందురోజంతా దాని తల నిమురుతూ ఉన్న ఆ ముసలామె ఒక్కసారి గొంతెత్తింది: "ఎల్లే, ఎల్లు! నన్ను తినేయడానికి పుట్టినావు. నీ మొకం నాకు సూపించకు!" పిల్ల కొయ్యబారి నిలబడింది. తర్వాత ఏడవకుండా, వెనక్కి చూడకుండా పెద్దమ్మగారి వెంట నడిచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. మంచం దగ్గరకి వెళ్ళి, "ఎందుకలా అన్నావు మామ్మా? నీకు కడుపుతీపి లేదా?" అని రోగి అని కూడా చూడకుండా అరిచాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకునుంది. భుజం పట్టి ఇటు తిప్పాను కదా, చీరకొంగు నోట్లో కుక్కుకుని ఉంది సహోదరులారా, ఏడుపు బయటికి వినబడకుండా!

కొంగు తీసి మెల్లగా చెప్పింది. "తిట్టకపోతే ఎల్తాదేటమ్మా? ముద్దు సేత్తే ఈ మంచం ఒగ్గదు. నా సావు సూత్తాది, సవం పక్కన ఒక్కర్తీ కూకుంటాది. నా మీదున్న మాయ తెంపాల. నా మీద కోపంతోనైనా బతకనీ."

ఆ మంచం పక్కనే నేల మీద కూలబడ్డాను. హాస్టల్లో నేర్పిన ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ప్రభువా, మా అమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుందా? నేను గుమ్మం దాటేదాకా ఆపుకుందా? నేనొక్కసారి వెనక్కి తిరిగి చూడలేదే ప్రభువా!" ఇదే నా ప్రార్థన, ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళ రాయి నాలో అక్కడ పగిలింది, దేవునికే మహిమ!

అయితే కథ అక్కడ అయిపోలేదు. మంగ వెళ్ళిన దారి నేను నడిచిన దారే. మేము ఆ తర్వాతి రోజు వేరే ఊరు ప్రయాణం కావాలి. పిల్లని ఒకసారి వెనక్కి తీసుకొద్దామన్నాను. సునీలన్న ఒప్పుకోలేదు, "తెస్తే మళ్ళీ ఒగ్గదు సెల్లీ, ముసల్దాని కష్టమంతా పాడు సేసినట్టవుతాది" అన్నాడు. అదీ నిజమే. కానీ నేనన్నాను, "కోపంతో బతకడం ఏటో నాకు తెలుసన్నా, అది బతుకు కాదు." జట్టు వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను.

పెద్దమ్మగారిని బతిమాలి పిల్లని బస్సులో తీసుకొచ్చాను. దారిలో మా అమ్మ సంగతంతా చెప్పాను. నమ్మలేదు, చెయ్యి విదిలించుకుంది. గుమ్మంలో దాన్ని చూడగానే అప్పలమ్మ మళ్ళీ మొదలుపెట్టింది, "ఎందుకు తెచ్చినావు, దీన్ని..." అంతే, పెదవులు వంకర పోయాయి, రెండు చేతులూ చాపింది. పిల్ల పరుగెత్తి మంచం ఎక్కింది.

స్వస్థత కోసం నేను ఉపవాసముండి ప్రార్థించాను. స్వస్థత రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. రెండు రోజులకి, మధ్యాహ్నం వేళ, అప్పలమ్మ ప్రాణం విడిచింది. ఆమె భయపడినట్టే జరిగింది. మంగ శవాన్ని పట్టుకుని వదల్లేదు, ఆ కేకలకి వార్డంతా వణికింది, నేనూ ఇద్దరు నర్సులూ కలిసి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. తప్పు చేశానా ప్రభువా అనుకున్నాను. పిల్ల నా చెయ్యి కొరికింది, తర్వాత నా ఒళ్ళోనే పడి "మామ్మా, మామ్మా" అని ఏడ్చింది. దానితో పాటు నేనూ "అమ్మా" అని నోరారా ఏడ్చాను. ఎనిమిదేళ్ళప్పుడు ఏడవాల్సిన ఏడుపు అది. నర్సులు నేను ఆమె కూతుర్ననుకున్నారట.

మంగ ఇప్పుడు ఆశ్రమంలోనే ఉంది. కలతపడుతూనే ఉందట, కానీ మామ్మ పేరు ఎత్తితే ముఖం తిప్పుకోదట. నాకు నిద్ర వస్తోంది, పాటలో గొంతు వస్తోంది. సిలువ మీద ఆ కుమారుడు తండ్రిని పిలిచి కేక వేసినప్పుడు తండ్రి ఎందుకు మాట్లాడలేదో నాకిప్పుడు కొంచెం అర్థమవుతుంది. ఆ మౌనం వెనక ఎంత దుఃఖం దాగి ఉందో!

మిమ్మల్ని తిట్టి పంపినవాళ్ళు ఇంకా ఊపిరితో ఉంటే, ఈ ఆరాధన అయ్యాక ఇంటికి పోకండి, నేరుగా వాళ్ళ దగ్గరకి వెళ్ళండి. బర్మా నుంచి వచ్చిన మర్నాడే నేను పెద్దాసుపత్రికి పరుగెత్తాను, మా అమ్మని ఎక్కడ పూడ్చారని అడగడానికి. దిక్కులేని శవాలకి గుర్తు పెట్టరమ్మా అన్నారు. నాకు వెళ్ళడానికి చోటు లేదు సహోదరులారా. నాలాంటివాళ్ళు ఎవరైనా మీలో ఉంటే ముందుకి రండి, ఇక్కడే మోకరిద్దాం, మా అమ్మ ఎక్కడుందో ఎరిగినవాడు వింటున్నాడు.