ఎల్బీనగర్ పిల్లల నూకుడు

2025. వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజులు. అల్మాస్‌గూడలో కాలనీల మధ్య మిగిలిపోయిన ఒక ఖాళీ జాగాలో ఆటకు గీసిన సున్నం గీతలు సరిచూస్తూ నిలబడి ఉన్నాను. నా పేరు సరళ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీఈటీని, అంటే పిల్లల చేత ఆటలు ఆడించే టీచర్ని. దానికి తోడు ఇరవై రెండేళ్లుగా కబడ్డీ రిఫరీని. నా ఈలకు తిరుగులేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడూ చెప్పుకుంటాను, ఒక్క ఈలను మాత్రం పక్కన పెట్టి. చెప్పబోయేది దాని గురించే.

ఆ జాగా మల్లేశన్నది. వాళ్ల తాతలు జొన్న పండించిన నేల. ప్లాట్లు చేసి అమ్మగా మిగిలిన ముక్కలో ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ మొదలుపెట్టించాడు. టీవీలో చూసి మనసు పడ్డాడట. హెల్మెట్లు, భుజాలకు కట్టుకునే ప్యాడ్లు తెప్పించాడు. చుట్టుపక్కల కాలనీల నుంచి నాలుగు ఆడపిల్లల జట్లు తయారయ్యాయి, జట్టుకు ఏడుగురు. రిఫరీ కావాల్సి వచ్చి నన్ను పిలిచాడు.

"మేడం, మీకు ఈల కొత్త గాదు, గీత కొత్త గాదు. గీ బంతి ఒక్కటే కొత్త. జర చూస్కోండ్రి" అన్నాడు.

నెల రోజులు రూల్స్ చదివాను. వీడియోలు చూశాను. నలభై ఏడేళ్ల వయసులో పరీక్షకు చదువుతున్నట్టు నోట్సు రాసుకుంటుంటే మా ఆయన నవ్వేవాడు. నవ్వనీ అనుకున్నాను. ఏ ఆటైనా ఆటే, గీత దాటిందా లేదా అన్నదే కదా అని నా ధీమా.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. బంతి చేతిలో ఉన్న జట్టు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. బంతి అందుకుని ఆట నడిపించే అమ్మాయిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. నాలుగో డౌన్ వచ్చేసరికి ఇంకా ఒక్క గజమే మిగిలిందనుకోండి, దానికొక ఎత్తు ఉంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని పొట్టకు అదుముకుని, వంగి, ఎదుటివాళ్ల మధ్యలోకి దూరుతుంది. వెనక నుంచి ఇద్దరు ఆమె నడుము మీద చేతులు వేసి బలంకొద్దీ తోస్తారు. చాలాసార్లు ఆ గజం వచ్చేస్తుంది. దీన్ని నిషేధించాలా వద్దా అని అమెరికాలో కూడా పెద్ద గొడవే నడిచింది.

మా దగ్గర ఈ ఎత్తుకు పెట్టింది పేరు ఎల్బీనగర్ జట్టు. వాళ్లు దాన్ని నూకుడు అనేవారు. ఒకరోజు సామాను తెచ్చిన ట్రాలీ ఆటో గ్రౌండు పక్క బురదలో దిగబడింది. ఏడుగురు పిల్లలూ తలో వైపు తోస్తే కదల్లేదు. అందరూ నడుం వంచి, ఒకరి వెనక ఒకరు చేరి, ఒక్క మాట మీద తోస్తే బయటికి వచ్చింది. మర్నాటి నుంచి అదే వాళ్ల నాలుగో డౌన్. ఆ బుర్ర వాళ్ల క్వార్టర్‌బ్యాక్ లావణ్యది. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన నేతవాళ్ల పిల్ల, నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తాడు. మా బడిలో చదివింది, కబడ్డీ నా దగ్గరే నేర్చుకుంది. మనిషి ఇంతే ఉంటుంది గానీ పట్టుదల మాత్రం మోయలేనంత. ఆ జట్టులో అందరూ బక్కపలచని పిల్లలే. ఆ నూకుడు తీసేస్తే పెద్ద జట్ల ముందు వాళ్లు నిలబడలేరు.

నిజం చెప్పాలంటే నూకుడు నాకు నచ్చేది కాదు. కబడ్డీలో కూతకు వెళ్లిన పిల్ల ఒంటరిది. అవతల ఏడుగురు మీద పడ్డా, తన వాళ్లు ఒక్కరు కూడా చెయ్యి అందించడానికి లేదు. ఊపిరి బిగబట్టి, పాకి, గింజుకుని, వేలి కొసతోనైనా మధ్య గీత తాకితే గెలుపు. అది చూసి పెరిగిన కళ్లకు వెనక నుంచి తోయించుకోవడం ఏం ఆటో అర్థం కాలేదు. లావణ్యతో ఆ మాట అనేశాను కూడా.

"నీకు నేను నేర్పింది గిదేనా?"

"మేడమ్, కూతకు పోతే ఒక్కదాన్నే పోతా. గీడ ఏడుగురం పోతం. గంతే ఫరక్" అంది.

లీగు సగంలో ఉండగా ఎల్బీనగర్‌కూ దిల్‌సుఖ్‌నగర్‌కూ మ్యాచ్ పడింది. దిల్‌సుఖ్‌నగర్ జట్టు మేనేజరు రాఘవరావు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు, మలక్‌పేటలో మందుల షాపు ఉంది. ఆయన కూతురు దివ్య వాళ్ల జట్టుకు గోడ లాంటిది. నాలుగో డౌన్, గజం దూరం, లావణ్య బంతి పట్టింది, వెనకవాళ్లు నూకారు. ఎదురుగా దివ్య అడ్డం పడింది. గుంపు ఆగింది. మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. పక్కకు ఒరిగి అందరూ ఒకరి మీద ఒకరు పడ్డాక నేను ఈల ఊదాను. అందరూ లేచారు, దివ్య లేవలేదు. భుజం జారింది. దవాఖానలో సరిచేసి, చెయ్యి మెడకు వేలాడదీసి పంపారు.

రాఘవరావు గారు ఆ సాయంత్రమే మల్లేశన్నకు కాగితం ఇచ్చారు. నూకుడును నిషేధించాలి, లేదంటే మా జట్టు ఆడదు. మిగతా రెండు జట్లూ ఆయన వెంటే. ఆదివారం మీటింగు, దానికి రిఫరీగా నేను రిపోర్టు రాయాలి. నాకు ఆ ఎత్తు ఎలాగూ నచ్చదు. ప్రమాదకరం, తీసేయండి అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే అయిపోయేది. సగం రాశాను కూడా.

మధ్యలో ఆగి, బత్తాయిలు కొనుక్కుని దివ్యను చూడటానికి వెళ్లాను. ఆ పిల్ల నన్ను చూసి లేచి కూర్చుంది. వాళ్లమ్మ కాఫీ తెచ్చింది. ఎలా జరిగిందమ్మా అని అడిగితే, దివ్య చెప్పింది.

"నేను ఆపానండి మేడం. గట్టిగానే ఆపాను. లావణ్య ముందుకు రావడం ఆగిపోయింది. ఇంక అయిపోయిందనుకుని కాస్త వదులు చేశాను. మీరు ఈల వేస్తారని చూశానండి. ఈలోగా మళ్లీ తోశారు."

ఆ మాటలో నిందేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది అంతే. కాఫీ పక్కన పెట్టి లేచాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, మల్లేశన్న పంపిన వీడియో ఫోన్‌లో తెరిచాను. లావణ్య దూరింది. దివ్య ఆపింది. అక్కడ గుంపు నిలబడిపోయింది. నేను పక్కనే వంగి, కళ్లు చికిలించి, లావణ్య చేతిని, గీతని చూస్తున్నాను. ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు. ఎందుకు ఊదలేదో చూడగానే తెలిసిపోయింది. కబడ్డీలో పట్టుబడిన పిల్లను ఆగిందని ఆపేయం. గింజుకోనిస్తాం, గీత వైపు చెయ్యి చాచనిస్తాం, పూర్తిగా పట్టు బిగిసాకే ఈల. ఇరవై రెండేళ్ల అలవాటు. ఈ ఆటలో అలా కాదు. బంతి పట్టిన మనిషి ముందుకు సాగడం ఆగిన క్షణానే ఈల పడాలి. దాన్ని ఫార్వర్డ్ ప్రోగ్రెస్ అంటారు. నా నోట్సులో కింద రెండు గీతలు గీసి మరీ రాసుకున్న రూలు.

ఎల్బీనగర్ చివరి స్టేషన్. బండి ఆగి అందరూ దిగినా నేను కూర్చునే ఉన్నాను. గార్డు వచ్చి "అమ్మా, దిగుతరా, మళ్ల వాపస్ పోతరా?" అని అడిగాడు. దిగాను. పిల్ల భుజం విరిగినంత పని చేసింది నూకుడు కాదు, నేను.

ఆదివారం గ్రౌండు పక్క రేకుల షెడ్డులో మీటింగు. టీ గ్లాసులు తిరిగాయి. రాఘవరావు గారు ముందుగా లేచారు.

"ఇదేం ఆటండీ? ముందు ఒక పిల్లని పెట్టి వెనక నుంచి నెట్టడం. రేపు ఎవరి మెడైనా విరిగితే ఎవరు బాధ్యులు? దాన్ని తీసేయండి, గొడవ వదిలిపోతుంది."

లావణ్య తల వంచుకుని కూర్చుంది. మల్లేశన్న నా వైపు చూశాడు. సగం రాసిన రిపోర్టు చింపేసి కొత్తది తెచ్చాను గానీ చదవలేదు. ఫోన్ టేబుల్ మీద పెట్టి, వీడియో నడిపించి, దివ్య ఆపిన చోట వేలు పెట్టాను.

"గీడ ఊదాలె. నేను ఊదలే. కబడ్డీ లెక్కల చూస్కుంట నిలబడ్డ. తప్పు ఆటది గాదు, పిల్లలది గాదు, నాది" అన్నాను.

రాఘవరావు గారు వీడియో ఇంకోసారి చూసి అన్నారు, "ఏమనుకోకండి మేడం గారూ. ఆ జట్టులో మీ శిష్యురాలు ఉంది. ఆ పిల్ల ఎత్తును కాపాడటానికి తప్పు నెత్తిన వేసుకుంటున్నారని అనుకోరా ఎవరైనా?"

"అనుకుంటరు సార్. అందుకే ఫైనలుకు వేరే రిఫరీని పెట్టుకోండ్రి. నూకుడు మాత్రం నా తప్పుకు బలి గావొద్దు. నాకు గా ఎత్తు నచ్చదు, గది వేరే ముచ్చట."

అప్పుడు వెనక వరస నుంచి దివ్య లేచింది, చెయ్యి ఇంకా మెడకు వేలాడుతూనే ఉంది. "నాన్నా, ఫైనల్‌కి మేడమే ఉండాలి. ఎక్కడ తప్పు జరిగిందో తెలిసిన మనిషి ఆవిడొక్కరే కదా" అంది. ఆయన తన కాగితం వెనక్కి తీసుకుని కూర్చున్నారు. నూకుడు ఉంది, నేనూ ఉన్నాను. ఆ పిల్ల నా మీద పెట్టిన నమ్మకాన్ని మోయడం మాత్రం చిన్న పని కాదు.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ ఉదయం బడి గ్రౌండులో సాధన చేశాను. పిల్లల్ని రెండు గుంపులుగా చేసి తోయించడం, గుంపు నిలబడగానే ఈల ఊదడం. మొదట్లో ఈల ఆలస్యమయ్యేది, కళ్లు చేతి వైపే పరిగెత్తేవి. చెయ్యి చూడకూడదు, నడుం చూడాలి. నడుం ఆగిందంటే మనిషి ఆగినట్టు. ఆ చిట్కా ఏ పుస్తకంలోనూ లేదు, నాకు నేనే కనిపెట్టుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఫైనలు మళ్లీ ఆ రెండు జట్లకే. దివ్య ఆడలేదు, గీత బయట కుర్చీలో కూర్చుంది. ఆఖరి నిమిషానికి దిల్‌సుఖ్‌నగర్ నాలుగు పాయింట్లు ముందుంది. ఎల్బీనగర్‌కు నాలుగో డౌన్, గోల్ గీతకు గజం దూరం. దాటితే ఆరు పాయింట్లు, కప్పు వాళ్లది. ఏం చేయబోతున్నారో గ్రౌండు చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. "నూకుడు! నూకుడు!" అని అరుపులు.

లావణ్య బంతి అందుకుని దూరింది. వెనక ఇద్దరు తోశారు. గుంపు అరగజం సాగింది. ఇంకాస్త సాగింది. నా కళ్లు లావణ్య నడుం మీద ఉన్నాయి. అది ఆగింది. ఊదాను.

ఈల పడ్డాక గుంపు ఇంకో ఊపు ఊగి గీత అవతల కుప్పకూలింది. లావణ్య చేతిలో బంతి గీత దాటి ఉంది. ఎల్బీనగర్ పిల్లలు గెలిచామని ఎగిరారు. నేను కుప్పలోంచి బంతి తీసుకుని, ఆమె ఆగిన చోటికి తెచ్చి పెట్టాను. గీతకు జానెడు ఇవతల. దాటలేదని చేత్తో సైగ చేశాను. అవతలి వైపు నుంచి నన్ను తిట్టినవాళ్లను తప్పు పట్టను. పాతలా ఆలస్యంగా ఊది ఉంటే కప్పు నా శిష్యురాలిదే.

లావణ్య బురద ముఖంతో లేచి నా ఎదుట నిలబడింది. హెల్మెట్ తీసింది. ఏడుస్తుందనుకున్నాను.

"నేను ఆగిన మేడమ్. నాకు తెలిసింది. నేను ఆగంగనే మీ ఈల ఇనబడ్డది" అంది. తర్వాత వెనక్కి తిరిగి గొడవ పెడుతున్న తన జట్టును చూసి గట్టిగా కేకేసింది. "ఏయ్, రాండ్రి ఇటు! మేడమ్ కరెక్టుగనే ఊదింది. ఆల్లతోని చేతులు కలుపుండ్రి!"

నా చేతి కింద పెరిగిన పిల్ల అని ఆ గ్రౌండంతా వినబడేలా చెప్పాలనిపించింది. రిఫరీని కదా, ఈల చేత్తో పట్టుకుని ఊరుకున్నాను. అవతల కుర్చీలోంచి దివ్య లేచి వచ్చి, బాగున్న చెయ్యి లావణ్య భుజం మీద వేసింది. రాఘవరావు గారు నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

కొత్త రిఫరీలకు క్లాసు చెప్పమని ఇప్పుడు నన్ను పిలుస్తున్నారు. ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఎత్తును నిందించే ముందు మీ ఈల ఎక్కడ పడిందో చూసుకోండి అని చెబుతాను. నా వీడియో నేనే చూపిస్తాను, రెండూ, ఊదనిదీ ఊదిందీ. అందరూ చివర్లో ఒకటే అడుగుతారు, నూకుడు ఉండాలా, వద్దా అని. మల్లేశన్న కూడా మొన్న సున్నం గీతలు వేయిస్తూ అదే అడిగాడు.

"నాకిప్పటికీ నచ్చదన్నా" అన్నాను. "ఉండనీ. నేనున్న కద."