నల్లి బొక్క, అణు విద్యుత్తు

కామారెడ్డి జిల్లా అయిన రెండేండ్లకు నన్ను ఎల్లారెడ్డి సెక్షనుకు అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. ఆఫీసులో ఆ హోదాను ఏఈ అంటారు, ఊళ్లలో కరెంటు సారు అంటారు. కరెంటు ఉన్నంతసేపు ఈ సారు ఎవరికీ గుర్తురాడు. పోయిన మరుక్షణం నిజాంసాగర్ గేట్లన్నీ ఒక్కసారే ఎత్తినట్టు ఫోన్లు. మా వృత్తిలో కరెంటు పుట్టించేవాళ్లు వేరు, మోసుకొచ్చేవాళ్లు వేరు, ఇంటింటికీ పంచేవాళ్లు వేరు. తిట్లు మాత్రం నేరుగా పంచేవాళ్లకే చేరతాయి. నేను పాతికేండ్లకు పైగా పంచి, గడువుకు ముందే దిగిపోయాను. నా చెవుల్లో ఇంకా ట్రాన్స్‌ఫార్మర్ హోరు ఉంది.

ఆ పోస్టింగులో ఇంకో గండం, మా అత్తగారి ఊరు నా సెక్షన్లోనే ఉండటం.

ఆ ఇంట్లో దసరాకు మేకపోతు తెగుతుంది. కూర వడ్డించేటప్పుడు నల్లి బొక్క, అంటే లోపల మూలుగ నిండుగా ఉండి, పళ్లానికి టక్కున కొట్టి జుర్రుకునే కాలి ఎముక, పెద్దల్లుడికి వేయడం అక్కడ రాయని చట్టం. పెద్దల్లుణ్ణి నేనే. చాలా ఏండ్లు ఆ బొక్కను నేను ఏకఛత్రాధిపత్యంగా ఏలాను. తర్వాత మా మరదలికి పెండ్లయింది. పెండ్లికొడుకు శ్రీధర్ పక్క రాష్ట్రంలో ఒక అణు విద్యుత్ కేంద్రంలో షిఫ్ట్ ఇంజినీరు. వరసకు నాకు సడ్డకుడు. మొదటి దసరాకే బొక్క ఆయన పళ్లెంలో పడింది. కొత్తల్లుడు గదా అని ఊరుకున్నాను. రెండో దసరాకూ అక్కడే పడింది. ఆ రోజు నేను తిన్నది మెత్తటి కూరే, కానీ లోపల కాలింది మాత్రం హై టెన్షన్ లైను.

మా మామ నోట్లో ఆ కేంద్రంలోని రియాక్టర్ గోపురం ఏటా కొన్ని గజాలు పెరిగేది. నేను ఆ సెక్షనుకు వచ్చేనాటికి అది మేఘాలను రాసుకుంటోంది.

నేను అక్కడికి వచ్చాక మొదటి దసరా పొద్దున మామ వాకిట్లో మంచం మీద శ్రీధర్, చుట్టూ సగం ఊరు. మామ అడిగాడు: "చిన్నల్లుడా, గా అణువులకెల్లి కరెంటు ఎట్లొస్తదో జెర చెప్పు."

శ్రీధర్ ఓపిగ్గా చెప్పాడు. యురేనియం పరమాణువు పగిలితే వేడి పుడుతుంది. ఆ వేడిని భారజలం అనే ప్రత్యేకమైన నీరు మోసుకుపోయి, మామూలు నీళ్లను ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది, దానికి కట్టిన జనరేటరు తిరిగి కరెంటు ఇస్తుంది.

నేను కాచుకున్నది ఈ ఘడియ కోసమే. "మామా, ముచ్చట గింతే. నీళ్లు కాగబెట్టుడు. బొగ్గుతోని కాగబెడితే థర్మల్, అణువుతోని కాగబెడితే న్యూక్లియర్. నిజాంసాగర్ల కాగబెట్టుడు గూడ లేదు, నీళ్లే పైకెల్లి పడి చక్రం తిప్పుతయి. సోలార్ పలకలకైతే తిరిగేదే లేదు. అగో, అత్త పొయ్యి మీద మూత ఎగురుతలేదా? గదే కథ."

గోపురాన్ని వంటింటి దాకా దించానని పొంగిపోయాను. మామ పొయ్యి దిక్కు చూశాడు, శ్రీధర్ దిక్కు చూశాడు.

"అంటె కట్టె లేకుంట, పొగ లేకుంట గంత పెద్ద గంజు కాగబెడ్తవా చిన్నల్లుడా!"

పొయ్యి దగ్గర నుంచి అత్త: "ఈడ పొగతోని పొద్దటి సంది నా కండ్లు పోతున్నయి. మన పెద్దల్లుడు గూడ కరెంటోడే, ఏం లాభం?"

అంతలో కరెంటు పోయింది.

పండగ పూట ఇంట్లో ఫ్యాను ఆగితే ఎవరూ చచ్చిపోరు. కానీ అప్పుడు వరి పొట్ట మీదుంది, మామ మడి నెర్రెలు పడుతోంది. ఇంటికీ పొలం బోర్లకూ కలిపి ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు రోజులుగా ఫ్యూజు నిలవడం లేదు. ఇట్లాగే కొడుతుంటే లోపలి కాయిల్ కాలిపోతుంది. కాలితే దాన్ని కామారెడ్డికి పంపాలి, పండగ రోజుల్లో అక్కడ బాగుచేసే దిక్కుండదు. అంతలో గింజ తాలు పోతుంది. తాలు పోతే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అందరం పొలానికి నడిచాం. రైతులు నన్ను దాటుకుని శ్రీధర్ చుట్టూ చేరారు. "మీరు జెర చూడున్రి సారూ" అన్నారు. నేనే ఏఈనని గుర్తు చేస్తే, బాలయ్య అనే పెద్దమనిషి, "పెద్ద కరెంటాయన ఉండంగ చిన్న కరెంటాయనతోని ఏం పని?" అన్నాడు.

చిన్న కరెంటాయన సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడిగాడు. అంటే, ఆ లైనులో కరెంటు తీసేశామని, మనం మళ్లీ చెప్పేదాకా ఇచ్చేది లేదని ఆపరేటర్ ఇచ్చే మాట. అది లేకుండా తీగ ముట్టుకున్నవాళ్ల ఫోటోలకు దండలుంటాయి. లైన్‌మన్ సాయిలు కొత్త అంగీ మీదే వచ్చాడు. స్తంభం మీది స్విచ్ దించాడు, తీగలకు ఎర్తు రాడ్ తగిలించాడు, కొత్త ఫ్యూజు తీగలు కట్టాడు. రాడ్ తీసి, కిందికి దిగి, లైన్ క్లియర్ వాపసిచ్చి, స్విచ్ ఎత్తాం. ఆ క్షణంలోనే పొలంలోని మోటర్లన్నీ ఒక్కసారే హూంకరించాయి. ఫట్‌మని నీలిమంట. అంతా చీకటి, పట్టపగలే.

కారణం నాకు తెలుసు. ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే దానంతటదే మోటరును లేపే డబ్బా. మోటరు లేచేటప్పుడు మామూలు కన్నా అయిదారింతలు కరెంటు గుంజుతుంది. అన్నీ కలిసి లేస్తే ఏ ఫ్యూజూ ఆగదు. ఆటో స్టార్టర్లు పీకేయమని నేను మైకులో చెప్పాను, పంచాయతీలో చెప్పాను, ఎల్లారెడ్డి బస్టాండులో షేర్ ఆటో ఎక్కుతున్నవాళ్ల కాలరు పట్టుకుని చెప్పాను. గోడలకు చెప్పినా సున్నం రాలేది.

సాయిలు నా చెవిలో, "సారూ, తీగ ఇంకొక్కపారికే ఉన్నది" అన్నాడు.

అప్పుడు శ్రీధర్, ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నోరు విప్పాడు. "అన్నా, మా దగ్గర బయటి కరెంటు పోతే రియాక్టర్ ఆగుతది గానీ లోపలి వేడి ఆగదు. చల్లార్చే పంపులు నడవాలె. డీజిల్ జనరేటర్లు షురూ చేస్తం. పంపులన్నీ ఒక్కసారి వేస్తే జనరేటరు కూలబడ్తది. అందుకే వరుసగా, ఒకటి నిలదొక్కుకున్నంకనే ఇంకోటి. ఈడ గూడ గట్ల చేస్తే?"

అంతే. రైతులు పరుగెత్తారు. పంచెలు ఎగ్గట్టి, గట్లు దూకి, ఒక్కొక్కరు తమ ఆటో స్టార్టర్ను పీకి చేత పట్టుకుని, పుణ్యక్షేత్రంలో క్యూ కట్టినట్టు వంతు కోసం నిలబడ్డారు. బాలయ్య నా దిక్కు తిరిగి, నిష్టూరంగా అన్నాడు:

"గిసుంటిది ముందే చెప్పొద్దా సారూ?"

సాయిలు దగ్గు నటించి అటు తిరిగాడు. అతని భుజాలు ఊగుతుండటం నేను చూశాను.

మళ్లీ అదే తంతు: లైన్ క్లియర్, స్విచ్, ఎర్తు రాడ్, ఆఖరి తీగ. ఈసారి మోటర్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఫ్యూజు నిలిచింది. మామ మడిలోకి నీళ్లు దూకాయి. మామ శ్రీధర్ భుజం మీద చెయ్యి వేసి, "తినొద్దాం పా" అని తీసుకుపోయాడు. పని ముగించిన ఏఈ వెంటనే కదలకూడదు. చివరి మోటరు కుదురుకునేదాకా, ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడు సమంగా ఉందని నమ్మకం కలిగేదాకా నిలబడాలి. నిలబడ్డాను.

నేను వాకిట్లో అడుగుపెట్టేసరికి లోపల నుంచి టక్, టక్, టక్ మని చప్పుడు. పళ్లానికి బొక్క కొడుతున్న చప్పుడు. "వేడి మీదనే తినాలె గదా పెద్దల్లుడా" అంది అత్త, నాకు చల్లారిన కూర వడ్డిస్తూ.

ఆ పండగ నాకు వృత్తిపరంగా నేర్పింది ఒకటే. దూరం నుంచి వచ్చే కరెంటుకు వోల్టేజి ఎక్కువ ఉంటుంది, మాటకూ అంతే. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా నేను నా సలహా చెప్పడం మానేశాను. "అణు కేంద్రం సారు చెప్పిండు" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆటో స్టార్టర్లు వాటంతటవే ఊడొచ్చాయి, సాయిలు సంచిలో తీగ మిగలడం మొదలైంది. దిగిపోయేదాకా అదే వాడాను.

నల్లి బొక్క విషయంలో మాత్రం ఆ పేరు పనిచేయలేదు. అక్కడ ఆ పేరుగల మనిషే వచ్చి కూర్చునేవాడు.